వాల్ మిక్సర్ పాయింట్లు వంకరగా వచ్చాయి, టైల్స్ సగం అయ్యాయి: ఎక్కడ సర్దాలి, ఎక్కడ పగలగొట్టాలి

బాత్రూమ్‌లో వాల్ మిక్సర్, అంటే వేడి, చల్ల నీళ్లని కలిపే గోడ కుళాయి, దాన్ని బిగించే గోడలోని మరలు (పాయింట్లు) తప్పుగా వచ్చాయి, ఇప్పుడేం చేయాలని రాశారు. మీ కొలతలు ముందుగా ఒకసారి. వేడి, చల్ల పాయింట్ల మధ్య దూరం 138 మి.మీ. కుడి పాయింట్ ఎడమదాని కన్నా 8 మి.మీ. కిందికి ఉంది. టైల్ ముఖం ఎక్కడికి వస్తుందో లెక్కేస్తే కుడిది 3 మి.మీ. లోపల, ఎడమది 17 మి.మీ. లోపల ఉన్నాయి. ఎడమ పాయింట్‌లో 300 మి.మీ. జీఐ నిపుల్ (మర ఉన్న ఇనుప గొట్టం) బిగించి చూస్తే దాని కొస 15 మి.మీ. పక్కకు పోతోంది. రెండున్నర అడుగుల ఎత్తు దాకా టైల్స్ అంటించేశారు, పాయింట్లు పడేది తర్వాతి వరుసలో. ప్లంబర్ లెగ్స్‌తో (మిక్సర్‌ని పాయింట్లకి కలిపే వంకర ముక్కలు) సర్దేస్తానంటున్నాడు, మేస్త్రీ ఫ్లాంజ్ (టైల్ రంధ్రాన్ని కప్పే గుండ్రటి బిళ్ల) కింద దాగిపోతుందంటున్నాడు.

ఆ వరుస ఆపండి. వాళ్లిద్దరూ అబద్ధం చెప్పడం లేదు, చెరో సగం నిజం చెబుతున్నారు. దూరం తేడానీ ఎత్తు తేడానీ లెగ్స్ సర్దుతాయి. లోతు తేడాని పొడవు పెంచే ఎక్స్‌టెన్షన్ నిపుల్ సర్దుతుంది. ఎల్బో (గోడలో పైపుని బయటికి మలిపే ముక్క) వంకరని మాత్రం ఏదీ సర్దదు. మీకున్న నాలుగు తప్పుల్లో గోడ తెరిపించేది ఆ నాలుగోదే.

వాల్ మిక్సర్‌కి రెండు పాయింట్ల మధ్య సెంటర్ టు సెంటర్ 150 మి.మీ. ఉండాలి, మన వాడుకలో ఆరు అంగుళాలు. మిక్సర్‌తో పాటు డబ్బాలో వచ్చే లెగ్స్‌ని పట్టుకుని చూడండి. గోడలోకి పోయే అర అంగుళం మర, మిక్సర్ వైపు ముప్పావు అంగుళం మర ఒకే సరళరేఖ మీద ఉండవు, కావాలనే పక్కకు జరిపి చేస్తారు. ఆ జరుగు చాలా మోడళ్లలో 10 మి.మీ. ప్రాంతంలో ఉంటుంది. మీ దగ్గరున్న లెగ్‌ని టేపుతో కొలుచుకోండి, ఎందుకంటే తేడా లేకుండా తిన్నగా ఉండే లెగ్స్ కూడా కొన్ని మోడళ్లతో వస్తాయి. అవైతే ఈ సర్దుబాటు ఏదీ ఉండదు.

లెగ్ తిప్పుతుంటే దాని బయటి కొస 10 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీస్తుంది. రెండు లెగ్స్ కలిసి గరిష్ఠంగా 20 మి.మీ. తేడా మింగగలవు. కానీ దూరం తేడానీ ఎత్తు తేడానీ విడివిడిగా చూసి రెండూ సరిపోయాయనుకోకూడదు, కలిపి లెక్కేయాలి. మీకు దూరంలో తక్కువ 12, ఎత్తులో తేడా 8. పన్నెండు వర్గం 144, ఎనిమిది వర్గం 64, మొత్తం 208, దాని వర్గమూలం 14 పైచిలుకు. ఇది 20 లోపలే ఉంది కాబట్టి లెగ్స్‌తో కూర్చుంటుంది. ప్లంబర్ మాట అంతవరకు నిజమే. దూరం 15 తక్కువ, ఎత్తు తేడా 15 ఉన్న పాయింట్లయితే విడివిడిగా చూస్తే పర్లేదనిపిస్తాయి, కలిపితే 21 దాటుతుంది, కూర్చోదు.

కూర్చోవడం వేరు, బాగా కూర్చోవడం వేరు. లెగ్‌ని మనకు నచ్చిన కోణంలో ఆపేయలేం, మర బిగుతుగా అయిన చోటే ఆ కోణం కూడా రావాలి. అర అంగుళం మరకి అంగుళానికి 14 చుట్లు, అంటే ఒక్క చుట్టుకి లెగ్ 1.8 మి.మీ. లోపలికి పోతుంది. కోణం కోసం అర చుట్టు ఎక్కువ తిప్పితే దాదాపు ఒక మి.మీ. లోతు మారుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరుని మిక్సర్ నట్‌లో ఉండే రబ్బరు వాషర్ సర్దుకుంటుంది. మూడు మి.మీ. తేడా వస్తే సర్దుకోదు. అప్పుడు ప్లంబర్ నట్‌ని పానాతో లాగి బిగిస్తాడు, మిక్సర్ గోడకి ఆనుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ లాగుడు భారమంతా గోడలోపలి ఎల్బో మీద, అందులో సీపీవీసీకి (వేడినీళ్ల పైపుల ప్లాస్టిక్) అతుక్కుని ఉన్న ఇత్తడి ముక్క మీద ఉండిపోతుంది. గీజర్ నీళ్లు రోజూ వేడెక్కించి చల్లారుస్తుంటే కొన్నాళ్లకు అక్కడే చెమ్మ మొదలవుతుంది. పక్క గదిలో పెయింట్ ఉబ్బే దాకా ఎవరికీ తెలీదు.

ఇక వంకర సంగతి. 300 మి.మీ. కి 15 పోయిందంటే సుమారు 3 డిగ్రీలు. చూపుకి అదేమంత లెక్కలోకి రాదు. కానీ మిక్సర్ నట్ కూర్చునే చోటు వెడల్పు 24 మి.మీ. అనుకుంటే ఒక అంచుకీ ఎదుటి అంచుకీ మధ్య 1.2 మి.మీ. పైగా సందు వస్తుంది. 2 మి.మీ. వాషర్ ఒక వైపు నలిగిపోతుంది, రెండో వైపు వదులుగా ఉంటుంది. దానికి ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే వంకర తగ్గకపోగా పొడవు పెరిగిన కొద్దీ పక్కకు జరుగుడు పెరుగుతుంది. ఫ్లాంజ్ కూడా టైల్‌కి ఆనదు, ఒక పక్క గోరు దూరేంత సందుంటుంది. ఒక డిగ్రీ లోపు, అంటే 300 మి.మీ. నిపుల్ కొస దగ్గర 5 మి.మీ. లోపు పోతే వదిలేయొచ్చు. అది దాటితే ఎల్బో మార్చాల్సిందే.

మీ లోతు తేడా ఒక్కటే అయితే తెరవనక్కర్లేదు. అర అంగుళం పొడవు క్రోమ్ ఎక్స్‌టెన్షన్ నిపుల్ ఎడమదానికి వేస్తే 13 మి.మీ. బయటికి వస్తుంది, కుడిదానితో ఒక మిల్లీమీటరు తేడాకి చేరుతుంది. ఎక్స్‌టెన్షన్ ఒకటి వరకే. ఒకటి మీద ఒకటి రెండు తగిలించడం అంటే లీకయ్యే మరలు మరో జత గోడలో పెట్టుకోవడం. రెండు అర అంగుళాలవి వేసే బదులు ఒక్క అంగుళంది కొనండి.

వంకర వల్ల ఎలాగూ తెరుస్తున్నారు కాబట్టి ఒక్క ఎడమ ఎల్బో మార్చి ఊరుకోవద్దు. రెండూ తీసేసి మిక్సర్ ఫిట్టింగ్ వేయించండి. ఇది చాలా సీపీవీసీ కంపెనీలు అమ్ముతాయి: 150 మి.మీ. దూరంలో రెండు ఇత్తడి మరలు ఒకే ముక్కలో అచ్చు పోసి ఉంటాయి. దూరం తప్పదు, రెండు ముఖాలూ ఒకే మట్టానికి ఉంటాయి. ఇది మొదటే వేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. కొనేటప్పుడు పైపు పైనుంచి దిగే రకమా, కింది నుంచి వచ్చే రకమా చూసుకోండి. మీకు రెండు పైపులూ పైనుంచే దిగుతున్నాయని రాశారు. అది అదృష్టం, అంటించిన టైల్స్ జోలికి పోనక్కర్లేదు.

సామాను: మిక్సర్ ఫిట్టింగ్ ఒకటి, మీ పైపు సైజు కప్లర్లు (రెండు పైపుల్ని కలిపే ముక్కలు) రెండు, అదే సైజు సీపీవీసీ పైపు మూడడుగులు, సీపీవీసీ సాల్వెంట్ సిమెంట్ (పైపులు అతికే గమ్) చిన్న డబ్బా కొత్తది, టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, క్లాంపులు నాలుగు, పొడవాటి ప్లాస్టిక్ డమ్మీ ప్లగ్గులు రెండు, అతుకు మీద పరచడానికి కాస్త కోడి జాలీ (సన్న ఇనుప వల). యూపీవీసీకి (చల్లనీళ్ల పైపుల ప్లాస్టిక్) వాడే గమ్ మిగిలి ఉంది కదా అని సీపీవీసీకి పూయనివ్వకండి. పూసిన రోజు పట్టినట్టే ఉంటుంది, వేడినీళ్ల లైన్‌లో నిలవదు. డబ్బాలో గమ్ జిగటగా తీగలు సాగుతుంటే దానికి థిన్నర్ కలపడం కాదు, పారేయడమే.

పని మొదలెట్టే ముందు షాఫ్ట్‌లో (పైపులు దిగే సందులో) బాత్రూమ్ వాల్వ్ కట్టేసి, గీజర్‌కి వెళ్లే ఎంసీబీ దించి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరిచి లైన్ ఖాళీ చేయండి. గీజర్ వైరు కండ్యూట్ గోడలో ఎటు దిగుతుందో చూసుకోకుండా గ్రైండర్ పెట్టనివ్వొద్దు. గోడకి అవతలి వైపు స్విచ్ బోర్డు ఉందేమో కూడా చూడండి, నాలుగున్నర అంగుళాల గోడలో బోర్డు డబ్బా వెనకభాగం మీ గాడికి చాలా దగ్గరగా ఉంటుంది.

గాడి కొట్టేటప్పుడు ముందు గ్రైండర్‌తో రెండు గీతలు, ఆ తర్వాతే ఉలి. నేరుగా ఉలి, పెద్ద సుత్తి పెడితే నిన్న అంటించిన టైల్స్ అదిరి పట్టు వదులుతాయి. అవి ఊడిపడవు, లోపల బోలుగా అయిపోతాయి. అందుకే అంటించి కనీసం 24 గంటలు గడిచాకే ఈ పని పెట్టుకోండి. పని అయ్యాక పై వరుస టైల్స్‌ని నాణెంతో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే అవి తీసి మళ్లీ అంటించాలి. గాడి లోతు నిలువుగా అయితే గోడ మందంలో మూడో వంతు మించకూడదు, అడ్డంగా అయితే ఆరో వంతు. నాలుగున్నర అంగుళాల గోడకి ఆ లెక్కన నిలువు గాడి 38 మి.మీ., అడ్డ గాడి 19 మి.మీ. మాత్రమే. పైపుల్ని అడ్డంగా పరిగెత్తించొద్దని చెప్పేది ఇందుకే.

ఎంత పొడవు తెరవాలి అన్నదే చాలామంది తక్కువ లెక్కేసే విషయం. ఎల్బో చుట్టూ జానెడు తెరిస్తే చాలదు. ఇప్పుడు పైపులు 138 దూరంలో దిగుతున్నాయి, వాటిని 150కి తేవాలి, అంటే ఒక్కోటి 6 మి.మీ. పక్కకు జరగాలి. పైపు దానంతట అది నెమ్మదిగా వంగాలంటే కనీసం 18 అంగుళాలు స్వేచ్ఛగా ఉండాలి. ఆరు అంగుళాలు తెరిచి చేత్తో లాగి ఫిట్టింగ్‌లో దూర్చితే ఆ ఒత్తిడి మళ్లీ అతుకు మీదే పడుతుంది, ఏ జబ్బు కోసం గోడ తెరిచామో అదే మళ్లీ లోపల పెట్టి మూసినట్టు. అంత పొడవు తెరవడం కుదరకపోతే ఒక్కో పైపుకి రెండు 45 డిగ్రీల ఎల్బోలు వేసి జరపొచ్చు, కానీ అతుకులు పెరుగుతాయి. నేనైతే గాడే పెంచమంటాను.

పైపుని కట్టర్‌తో తిన్నగా కోయాలి. ఆక్సా బ్లేడుతో కోస్తే పొట్టు లోపల ఉండిపోయి తర్వాత మిక్సర్ కార్ట్రిడ్జ్‌లోనో, షవర్ జల్లెడలోనో చేరుతుంది. అంచు లోపలా బయటా చాకుతో గీకి శుభ్రం చేయండి. అర అంగుళం పైపు ఫిట్టింగ్‌లోకి సుమారు 13 మి.మీ., ముప్పావు అంగుళంది 18 మి.మీ. దాకా దూరుతుంది. ఆ లోతు పైపు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాకే గమ్ పూయాలి, లేకపోతే సగం దూరిందో మొత్తం దూరిందో తెలీదు. పైపు తడిగా ఉంటే గమ్ పట్టదు. పాత లైన్ నుంచి చుక్కలు కారుతూనే ఉంటే వాల్వ్ పూర్తిగా మూయడం లేదని అర్థం, ముందు దాని సంగతి చూడాలి. గుడ్డ కుక్కి పని కానిచ్చేయడం కుదరదు. పైపు మీద నిండుగా, ఫిట్టింగ్ లోపల పల్చగా పూసి, పావు చుట్టు తిప్పుతూ గుర్తు దాకా నెట్టి అర నిమిషం పట్టుకోండి. వదిలేస్తే పైపు తనంతట తాను వెనక్కి జారుతుంది. ఫిట్టింగ్ లోపల ఎక్కువ పూస్తే ఆ గమ్ పైపు మూతి దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది. మిక్సర్‌లో వేడి వైపు ధార సన్నగా వస్తే జనం గీజర్ని అనుమానిస్తారు, అసలు కారణం ఒక్కోసారి ఇదే.

గమ్ పూయకముందే ఫిట్టింగ్ ఎక్కడ కూర్చోవాలో ఖాయం చేసుకోవాలి. దీనికి ఊహ వద్దు, టైల్ ముక్కలే పెట్టండి. మీ టైల్ మందం 9 మి.మీ., అడ్హెసివ్ 4-5 మి.మీ., కలిపి ప్లాస్టరింగ్ ముఖం నుంచి 14 మి.మీ. దగ్గర పూర్తయిన గోడ ఉంటుంది. పాయింట్లకి అటూ ఇటూ రెండు టైల్ ముక్కలు అదే అడ్హెసివ్‌తో అంటించి, కింద పూర్తయిన వరుసతో అల్యూమినియం పట్టీ వేసి మట్టం కలపండి. ఆ పట్టీ నుంచి ఫిట్టింగ్ మర ముఖం 2-3 మి.మీ. లోపలికి ఉండాలి. సమానంగా ఉన్నా పర్వాలేదు. బయటికి పొడుచుకు వస్తే మాత్రం ఫ్లాంజ్ కూర్చోదు, దానికి మందు లేదు. లోతుకి ఎక్స్‌టెన్షన్ ఉంది, పొడుచుకు వచ్చినదానికి ఏమీ లేదని గుర్తుంచుకుని ఎప్పుడూ లోపలి వైపే తప్పు చేయండి.

రెండు మరల్లోనూ 300 మి.మీ. నిపుల్స్ బిగించి వాటి మీద రసమట్టం అడ్డంగా పెడితే ఎత్తు తేలుతుంది, పట్టీకీ నిపుల్‌కీ మధ్య మూలమట్టం పెడితే వంకర తేలుతుంది. రెండు నిపుల్స్ మధ్య దూరం గోడ దగ్గరా, కొస దగ్గరా ఒకటే 150 ఉండాలి. అంతా కుదిరాక క్లాంపులతో గోడకి బిగించండి. మేకులు కొట్టి బైండింగ్ వైర్‌తో కట్టే పద్ధతి మానిపించండి, వైరు రాసుకుని రాసుకుని సీపీవీసీని కోస్తుంది.

గాడి పూడ్చకముందే పరీక్ష. గమ్ డబ్బా మీద తక్కువ సమయమే రాసి ఉన్నా ఒక రోజు ఆగడం మంచిది. గీజర్ని విడదీసి, దాని రెండు పాయింట్లనీ ఒక బ్రెయిడెడ్ హోస్‌తో కలిపేయండి, అప్పుడు వేడి, చల్ల లైన్లు రెండూ ఒకేసారి తేలిపోతాయి. గీజర్ని లైన్‌లో ఉంచి పరీక్ష చేయకూడదు, చాలా గీజర్లు 8 బార్‌కే తయారవుతాయి. నీళ్లు నింపి గాలి పూర్తిగా పోయాక హ్యాండ్ పంపుతో 10 కిలోల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి; ఒక కిలో అంటే దాదాపు ఒక బార్) ఎక్కించండి. మొదటి పది నిమిషాల్లో ముల్లు కాస్త దిగుతుంది, పైపు సాగడం వల్ల. మళ్లీ 10కి తెచ్చి రెండు గంటలు చూడండి, కదలకూడదు. ఐదంతస్తుల ఇంట్లో ట్యాంక్ నుంచి కింది ఫ్లాట్‌కి వచ్చేది రెండు కిలోల లోపే కదా, 10 ఎందుకంటే, ఈ అతుకు వేడినీళ్లు మోస్తూ ఏళ్ల తరబడి గోడలో ఉండాలి. వేడెక్కితే సీపీవీసీ బలం పడిపోతుంది: మామూలు ఎస్‌డీఆర్ 11 (పైపు మందం తరగతి) పైపు 23 డిగ్రీల దగ్గర 27 కిలోల పైన తట్టుకుంటుంది, 82 డిగ్రీల దగ్గర 7 కిలోలే. గాలి కంప్రెసర్‌తో మాత్రం ఎప్పుడూ పరీక్షించకూడదు, పగిలితే ముక్కలు ఎగురుతాయి.

పరీక్ష అయ్యాక కూడా ప్రెషర్ పూర్తిగా దించొద్దు. 3-4 కిలోల దగ్గర ఉంచి గేజ్ అలాగే వదిలేసి టైల్స్ వేయించండి. మేస్త్రీ డ్రిల్ ఎక్కడైనా పైపుకి తగిలితే ఆ క్షణమే తెలుస్తుంది. లేకపోతే గ్రౌటు కూడా అయ్యాక తెలుస్తుంది.

పూడ్చడానికి ఒకటికి మూడు సిమెంటు, ఇసుక. ఫిట్టింగ్ వెనకాల ఖాళీ లేకుండా కుక్కాలి, అక్కడ డొల్ల ఉంటే లెగ్ బిగించినప్పుడు ఫిట్టింగ్ తిరుగుతుంది. వేడి పైపుకి మాత్రం ఫోమ్ స్లీవ్ గానీ, కనీసం మందపాటి టేపు గానీ చుట్టాకే సిమెంటు. మూడు మీటర్ల సీపీవీసీ 40 డిగ్రీలు వేడెక్కితే ఏడెనిమిది మి.మీ. పొడుగవుతుంది, దానికి కదిలే చోటు లేకపోతే మలుపు దగ్గర టైల్‌నే నెడుతుంది. అతుకు మీద కోడి జాలీ పరిచి, మూడు రోజులు తడుపుతూ ఆరనిచ్చి, కోసిన చోట వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు మళ్లీ వేయాలి, పాత కోటు మీదికి నాలుగు అంగుళాలు ఎక్కేలా. ఈ ఒక్కటీ అందరూ మర్చిపోతారు.

టైల్ రంధ్రం విషయంలో మేస్త్రీతో కాస్త గట్టిగానే ఉండండి. డైమండ్ హోల్ సా 32 మి.మీ. చాలు. ఎందుకంటే ఫ్లాంజ్ వ్యాసం 60 మి.మీ. అనుకుంటే సగం 30. లెగ్ తిరిగినప్పుడు ఫ్లాంజ్ కేంద్రం పాయింట్ నుంచి 10 మి.మీ. దాకా జరగొచ్చు. 32 రంధ్రం సగం 16, దానికి 10 కలిపితే 26, ఫ్లాంజ్ కప్పుతుంది. కటింగ్ ప్లేయర్‌తో కొరికి 50 మి.మీ. బొక్క చేస్తే 25కి 10 కలిపి 35, ఫ్లాంజ్ పక్క నుంచి నల్ల చంద్రవంకలా కనిపిస్తుంది. రంధ్రం అంచు నుంచి టైల్ అంచుకి 40 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే టైల్ అక్కడ చీలొచ్చు. అలా పడేటట్టుంటే వరుసని జరిపి పాయింట్లని సరిగ్గా జాయింట్ మీదికి తెచ్చి, రెండు టైల్స్‌లో అర్ధ చంద్రాలు కోయించడం మేలు. హోల్ సాని మొదట ఏటవాలుగా పెట్టి అంచుతో గాటు పడ్డాక నిలువుకి తేవాలి, నీళ్లు పోస్తూ, హ్యామర్ మోడ్ ఆపేసి.

చివరగా లెగ్స్. కొత్త ఫిట్టింగ్ సరిగ్గా 150కి ఉంటే రెండు లెగ్స్‌నీ ఒకే దిక్కుకి, రెండూ పైకో, రెండూ కిందికో తిప్పి ఆపండి. టెఫ్లాన్ టేపు మర కొస మీ వైపు ఉండగా గడియారం ముళ్లు తిరిగే దిక్కున పది పన్నెండు చుట్లు. జనపనార, సఫేదా (మరకి పూసే తెల్ల పేస్టు) ఇత్తడి మరకి పనికొస్తాయేమో గానీ సఫేదాలోని నూనె సీపీవీసీకి తగిలితే బీటలు తెస్తుంది, వద్దు. చేత్తో బిగిశాక పానాతో ఒకటి, ఒకటిన్నర చుట్లు. కోణం దాటిపోతే వెనక్కి తిప్పొద్దు, తీసి టేపు కొత్తది చుట్టి మళ్లీ ఎక్కించండి. ఫ్లాంజ్ పెట్టకముందు పైపుకీ టైల్‌కీ మధ్య సందులో సిలికాన్ నింపండి. అక్కడ గ్రౌటు కూరితే రేపు లెగ్ మార్చేటప్పుడు టైల్ పగులుతుంది. ఫ్లాంజ్ చుట్టూ సిలికాన్ పైనా పక్కలా వేసి అడుగున ఒక అంగుళం వదిలేయండి. లోపల ఎప్పుడైనా కారితే అక్కడి నుంచి బయటికి చుక్క కనబడుతుంది, గోడలోకి ఇంకదు.

గీజర్ పాయింట్లు కూడా అర అంగుళం అటూ ఇటూ ఉన్నాయని అడిగారు. వాటిని ముట్టుకోకండి. అక్కడ ఫ్లెక్సిబుల్ పైపులు వస్తాయి, ఆ తేడా వాటికి లెక్క కాదు. లోతు మాత్రం చూడండి: యాంగిల్ కాక్ (గీజర్ పైపు బిగించే చిన్న వాల్వ్) ఫ్లాంజ్ టైల్‌కి ఆనాలి, వేడి ఎడమ, చల్ల కుడి తారుమారు కాకూడదు. డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించే, గోడలో దాగే వాల్వ్) పెట్టే ఆలోచన ఉంటే అది వేరే లెక్క. దాని బాడీ మీది ప్లాస్టిక్ మూతకి కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి, టైల్ ముఖం ఆ రెండిటి మధ్యే పడాలి, అక్కడ తిప్పి సర్దే లెగ్స్ ఉండవు.